కజిన్ అంటే ఏమవుతారు?

కళ్ళజోళ్ళ షాపు, మెయిన్ రోడ్డు
ఫిబ్రవరి రెండోవారం

అయ్యా,

ఈ ఉత్తరం మొదలుపెట్టడానికే నాకు మూడు కాగితాలు పాడయ్యాయి. ఎవరికి రాస్తున్నానో తెలియకపోతే ఎలా పిలవాలో తెలియదు. ఎలా పిలవాలో తెలియకపోతే కలం ముందుకి సాగదు. ప్రస్తుతానికి ‘అయ్యా’తో సరిపెడుతున్నాను. మీ జవాబు చూసి మార్చుకుంటాను.

మా నాన్న పోయాక పలకరించడానికి జనం వచ్చిన రోజున మీరూ మా ఇంటికి వచ్చారు. పైదాకా రాలేదు. కింద లిఫ్ట్ దగ్గరే ఆగిపోయారు. సరిగ్గా అప్పుడే మా పిన్ని ఆ లిఫ్ట్‌లో ఇరుక్కుంది. మా పిన్ని సంగతి మీకు తెలియదు. బస్సులో కిటికీ మూస్తేనే ఊపిరాడదంటుంది. ఆవిడ పెట్టిన కేకలకి, వచ్చినవాళ్ళంతా పోయినాయన్ని మర్చిపోయి మెట్ల మీద గుమిగూడారు. మీరు జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చి, తలుపు సందు దగ్గర నోరు పెట్టి, “అమ్మా, లిఫ్ట్ పడదు. పడాలనుకున్నా పడలేదు. గోడకి ఆనుకుని కూర్చుని మీ ఇంట్లో గిన్నెలెన్నో లెక్కపెట్టుకోండి” అన్నారట. ఆవిడ లెక్కపెట్టిందిట కూడా. తర్వాత మీరు పైకెళ్ళి మోటారు దగ్గర చక్రమేదో చేత్తో తిప్పి లిఫ్ట్‌ని కిందికి దించి, మళ్ళీ దిగొచ్చి తలుపు తీశారు. తలుపు తెరుచుకోగానే పిన్ని మీ చెయ్యి పట్టుకుని, “ఎవరు బాబూ నువ్వు, దేవుడిలా వచ్చావు!” అంటే, మీరు “కజినండీ” అని, చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోయారు.

పిన్ని పైకి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, అడిగిన మొదటి మాట: “ఆ అబ్బాయి ఎవరి తాలూకు కజిను?”

ఎవరికీ తెలియదు. మా నాన్న ఒక్కడే కొడుకు. ఆయనకి అక్కచెల్లెళ్ళు కూడా లేరు. అమ్మకున్నది ఈ పిన్ని ఒక్కతే, ఆవిడకి పిల్లల్లేరు. మావారి వైపు వాళ్ళంతా నాకు ముఖాలతో సహా తెలుసు. ఎటునుంచి చూసినా మా చుట్టరికాల్లో కజిన్ అనేవాడు పట్టే చోటు లేదు.

మళ్ళీ లిఫ్ట్ ఆగితే పిలవమని మీరు వాచ్‌మన్‌కి కార్డు ఇచ్చారు కదా, ఆ నంబరుకి చేశాను. ఎవరో ఎత్తి, “ఆయన ఫోన్‌లో మాట్లాడరండీ, చెవులు సరిగా వినపడవు” అన్నారు. అడ్రసు ఉంది కాబట్టి రాస్తున్నాను.

కోపంతో కాదు. ఊరికే తెలుసుకుందామని. పొద్దస్తమానం జనం కళ్ళు పరీక్ష చేస్తూ, “ఈ అద్దంతో బాగుందా, ఆ అద్దంతో బాగుందా?” అని అడిగే మనిషిని. మసగ్గా ఉన్నదాన్ని అలా వదిలెయ్యడం నా వల్ల కాదు. కజిన్ అంటే మీరు నాకేమవుతారు?

ఇట్లు,
మీరు కిందికి దించిన ఆవిడ అక్కకూతురు


లిఫ్ట్ వర్క్‌షాపు, రైల్వే గేటు అవతల
ఫిబ్రవరి ఆఖర్లో

మేడమ్ గారికి,

మీ ఉత్తరం అందింది. పిన్నిగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. గిన్నెలెన్ని తేలాయి?

నేనన్న మాట అంతగా పట్టించుకోకండి. నోరు జారింది. మోటారు గదుల్లో పని చేసీ చేసీ నా చెవులు సగం పోయాయి. ఆవిడ “ఎవరు నువ్వు” అన్నారో, “ఏమైంది” అన్నారో కూడా నాకు సరిగ్గా వినపడలేదు.

అయినా కజిన్ అంటే ఎవరైనా కావచ్చు. మీ ఉత్తరం వచ్చాక మా వీధి చివర లైబ్రరీకి వెళ్ళి ఇంగ్లీషు డిక్షనరీ తీశాను. అంత లావు పుస్తకం తెరవడం స్కూలు వదిలాక ఇదే. పెదనాన్న పిల్లలు, బాబాయి పిల్లలు, మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు, పెద్దమ్మ పిల్లలు, పిన్ని పిల్లలు, అందరూ కజిన్లే. ఆడా మగా తేడా కూడా లేదు. మధ్యలో ఒక తరం తేడా వస్తే ‘ఒకసారి తొలగించిన కజిన్’ అంటారట. ఎవరు తొలగిస్తారో, ఎందుకు తొలగిస్తారో రాయలేదు. పూర్వం రాజులు పక్క దేశం రాజులకి ఉత్తరాలు రాసేటప్పుడు చుట్టరికం ఉన్నా లేకపోయినా కజిన్ అనే పిలుచుకునేవారని అక్కడున్న లైబ్రరీ ఆయన చెప్పాడు. మన కుర్రాళ్ళు సినిమాహాల్లో దొరికిపోయినప్పుడు పక్కనున్న పిల్లని కజిన్ అంటారే, ఆ అర్థం మాత్రం డిక్షనరీలో కనపడలేదు.

అంత వెడల్పాటి మాటలో నాలాంటివాడు ఓ మూల నిలబడితే పెద్ద నేరం కాదనుకుంటాను.

మీ లిఫ్ట్‌కి బ్రేకు అరిగింది. వాచ్‌మన్‌కి చెప్పాను, మార్పించండి.

ఇట్లు,
లిఫ్ట్ మెకానిక్


కళ్ళజోళ్ళ షాపు
మార్చి

అయ్యా (ఇంకా అదే),

గిన్నెలు అరవైనాలుగు. గరిటెలు లెక్కలోకి తీసుకోలేదట.

నోరు జారితే మాట జారుతుంది. మనిషి రెండు బస్సులు మారి మా గుమ్మం దాకా జారి రాడు. ఇక ఆవిడ “ఏమైంది” అని అడిగిందనుకున్నానంటారా? ఏమైందంటే ‘కజిన్’ అని జవాబు చెప్పేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

మీరు డిక్షనరీ చూశారు. నేను మా అమ్మాయి ఇంగ్లీషు పుస్తకం చూశాను. అందులో ఒక చెట్టు బొమ్మ, కొమ్మకో ముఖం. అంకుల్ అని ఒకటే పేరు, ఆంటీ అని ఒకటే పేరు, కింద వరసగా కజిన్లు. ‘కజిన్ బ్రదర్’ అనకూడదు, ఉత్త కజిన్ అనాలి అని వాళ్ళ టీచర్ చెప్పిందట. నాకు నవ్వొచ్చింది. మనవాళ్ళు ఆ మాటకి బ్రదర్, సిస్టర్ అని తోక ఊరికే తగిలించలేదు. ఉత్త కజిన్ మనకి ఆనదు. పెదనాన్న కొడుకైతే అన్నయ్య. వాడితో కొట్టుకోవచ్చు, వాడి కంచంలోది లాక్కోవచ్చు. మేనమామ కొడుకైతే బావ. వాడొచ్చాడంటే ఇంట్లోవాళ్ళంతా మన ముఖం వంక చూసి ముసిముసిగా నవ్వుతారు. అన్నయ్యనీ బావనీ ఒకే తాడుతో కట్టి పడేస్తే, ఎవరి ముందు ఎలా కూర్చోవాలో, ఎవర్ని ఎంతవరకూ ఆటపట్టించాలో ఎలా తెలుస్తుంది చెప్పండి?

మా అమ్మాయి నా గొడవ విని, “అమ్మా, అంతమందికి ఒకే మాట ఉంటే ఎంత హాయి, పరీక్షలో ఒకటే రాయొచ్చు” అంది. నిజమే, దానికి హాయే. మీకూ హాయిగానే ఉన్నట్టుంది.

మిమ్మల్ని ఆ రోజు నేను కూడా చూశాను, మెట్ల మీంచి. ఆ సంగతి తర్వాత. ముందు ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి. మీరు అమ్మ వైపా, నాన్న వైపా?

ఇట్లు,
వదిలిపెట్టని మనిషి


లిఫ్ట్ వర్క్‌షాపు
మార్చి నెలాఖరు

అమ్మా,

నాన్న వైపు.

ఈ రెండు మాటలూ రాసి కాగితం మడిచి వారం రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. మిగతాది కూడా రాయకపోతే మీరు ఊరుకోరని తెలుసు.

మా అమ్మ బట్టలు కుట్టేది. మీ నాన్నగారు కుట్టుమిషన్ల కంపెనీలో పని చేస్తూ, టూర్ల మీద మా ఊరు వచ్చేవారు. మా అమ్మకి మిషన్ అమ్మారు. మిషన్ బాగోగులు చూడ్డానికి మళ్ళీ వచ్చారు. అది ఎప్పుడూ పాడయ్యే మిషన్ కాదు. అయినా వస్తూనే ఉండేవారు. నాకు ఊహ తెలిసేసరికి నెలకోసారి మా ఇంట్లో ఆయన కుర్చీలో ఉండేవారు. నేను ఆయన్ని ‘సార్’ అనేవాణ్ణి. అమ్మ అలాగే నేర్పింది.

నాకు పన్నెండో ఏడు వచ్చినప్పుడు, బూట్లు కొనిపెడతానని బజారుకి తీసుకెళ్ళారు. చెప్పుల దుకాణం ముందు ఆయన కంపెనీ మనిషి ఎదురయ్యాడు. “ఎవరండీ ఈ కుర్రాడు?” అని నవ్వుతూ అడిగాడు. ఆయన చెయ్యి నా భుజం మీద ఉంది. తీసేస్తారనుకున్నాను. తియ్యలేదు. “మై కజిన్” అన్నారు.

నాకా మాట తెలియదు. ఇంటికొచ్చి అమ్మనడిగితే, వినపడనట్టు మిషన్ తొక్కుతూనే ఉంది. మర్నాడు బళ్ళో ఇంగ్లీషు మాష్టారిని అడిగాను. “చుట్టం రా. దగ్గర చుట్టం” అన్నారు. ఆ రోజంతా నా కాలు నేల మీద నిలవలేదు. అప్పటిదాకా నేను ఆయనకి ఏమీ కాననుకునేవాణ్ణి.

పెద్దయ్యాక అంతా తెలిసింది. అది చుట్టరికం కాదు, పరదా అని కూడా తెలిసింది. అయినా నలుగురి ముందు ఆయన నాకిచ్చిన చుట్టరికం అదొక్కటే కదా. ఆయన పోయారని కబురు చేసింది కూడా ఆ కంపెనీ మనిషే. మా వర్క్‌షాపుకి ఫోన్ చేసి, “మీ కజిన్ పోయారట బాబూ, తెలిసిందా?” అని చెప్పించాడు. మీ పిన్నిగారు అడగ్గానే నా నోటికొచ్చింది అదే.

నాకేమీ అక్కర్లేదమ్మా. ఒకసారి చూసి పోదామని వచ్చాను. అప్పటికే ఆలస్యమైపోయింది. మెట్లెక్కే ధైర్యం చాలక కింద నిలబడ్డాను. పిన్నిగారు ఇరుక్కోకపోతే అలాగే వెనక్కి వెళ్ళిపోయేవాణ్ణి. మీకు కోపం వస్తే ఈ ఉత్తరం చింపెయ్యండి.

ఇట్లు,
మెకానిక్


కళ్ళజోళ్ళ షాపు
ఏప్రిల్

అన్నయ్యా,

చూశారా, చివరికి పిలుపు దొరికింది.

చింపలేదు. షాపులో పరీక్ష గది తలుపేసుకుని చదివాను. బయట ఒకాయన “అమ్మా, నా వంతు రాలేదా” అని రెండుసార్లు తలుపు కొట్టాడు. ఆ రోజు ఎవరికి ఏ నంబరు రాసిచ్చానో దేవుడికే తెలియాలి.

మీకు నేనూ ఒక అబద్ధం చెప్పాను. ఊరికే తెలుసుకుందామని రాశానన్నాను కదా, ఊరికే కాదు. మీరు లిఫ్ట్ తలుపు దగ్గర వంగినప్పుడు మీ కళ్ళజోడు ఎడమ వైపు పైకి లేచి ఉంది. మా నాన్నకి ఎడమ చెవి కుడి చెవి కన్నా ఓ నూలుపోగు పైన. ఎన్ని ఫ్రేములు మార్చినా ఆయన కళ్ళజోడు వంకరే, ప్రతిసారీ ఆ పక్క కాడ నేనే వంచి సరిచేసేదాన్ని. ఎన్ని వేల చెవుల మీద కాడలు కూర్చోబెట్టానో నాకే తెలియదు. అలాంటి చెవుల జత రెండోది చూడలేదు, ఆ రోజు దాకా. కార్డు మీద అడ్రసు అందుకే రాసుకున్నాను. కజిన్ అన్న మాట నాకు దొరికిన సాకు.

నాన్న మీద చాలా కోపం వచ్చింది. పోయిన మనిషితో పోట్లాడ్డం ఎంత కష్టమో ఇప్పుడే తెలుస్తోంది. తర్వాత నెమ్మదిగా ఆలోచించాను. మీ జుట్టు బాగా నెరిసింది. అంటే మీరు నాకన్నా ఐదారేళ్ళైనా పెద్ద. అంటే ఇదంతా మా అమ్మతో పెళ్ళికి ముందు మాట. పెద్దవాళ్ళు ఒప్పుకోక ఆయన్ని తెచ్చి మా అమ్మకి కట్టబెట్టి ఉంటారు. ఆయన ఆ ఇంటిని వదల్లేక, ఈ ఇంటికి చెప్పలేక నలిగిపోయి ఉంటారు. అలా అనుకున్నాక గుండె కుదుటపడింది.

మీ గురించి రాయండి. మా వదినెవరు? పిల్లలా?

మీ చెల్లెలు


లిఫ్ట్ వర్క్‌షాపు
ఏప్రిల్ చివర

అమ్మా,

మీ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను. ‘వదిన’ అన్న చోట ఆపి, మళ్ళీ చదవమంది. తను ప్రెస్‌లో పుస్తకాలు కుడుతుంది. మాకు ఒక్కడే, ఆరేళ్ళవాడు. లిఫ్ట్ ఎక్కమంటే ఏడుస్తాడు. మా పనికి ఇంతకన్నా చెడ్డపేరు ఇంకొకటి లేదు.

కళ్ళజోడు సంగతి చదివి అద్దంలో చూసుకున్నాను. నిజమే. మా ఊరి షాపువాడు ఇన్నాళ్ళూ ఫ్రేము తప్పంటున్నాడు.

మీ నాన్నగారి గురించి ఒకటి అడగాలనుంది. మా ఇంట్లో ఆయన ఎప్పుడూ బూట్లు విప్పలేదు. లేసులు మాత్రం కాస్త వదులు చేసుకునేవారు. ఎవరైనా పిలిస్తే లేచి వెళ్ళిపోడానికి సిద్ధంగా ఉన్నట్టు. నవ్వడం తక్కువ. మా అమ్మ ఏదైనా అడిగితే, “చూద్దాం” అనేవారు. మీ ఇంట్లో ఎలా ఉండేవారు?

ఇట్లు,
మెకానిక్


కళ్ళజోళ్ళ షాపు
మే

అన్నయ్యా,

మా ఇంట్లో ఆయన బూట్లు గుమ్మంలోంచే విసిరేసేవాడు, ఒకటి అటు, ఒకటి ఇటు. రెండోది వెతికిపెట్టడం నా పని. బనీనుతో కూర్చుని, కాళ్ళు బల్ల మీద పెట్టి, రేడియోలో పాటకి పక్క పాట పాడేవాడు. అమ్మ “చెవులు పోతున్నాయి” అంటే గొంతు పెంచేవాడు. టూరు నుంచి వచ్చిన మర్నాడు మాత్రం ఏమీ పాడేవాడు కాదు. ప్రయాణపు బడలిక అనుకునేవాళ్ళం.

మీ ‘చూద్దాం’ మాకూ తెలుసు. అదొక్కటీ రెండిళ్ళకీ సమానంగా పంచాడన్నమాట.

ఒకటి గమనించాను. నేను రెండు ఉత్తరాల నుంచీ అన్నయ్యా అంటున్నాను. మీరింకా ‘అమ్మా’ దగ్గరే ఉన్నారు. చెల్లీ అనలేదేం? మొహమాటమా? మా అమ్మాయికైతే మీరు మామయ్య అని చెప్పేశాను. “కనపడని మామయ్య” అని పేరు పెట్టింది.

ఇంకొక సంగతి. అమ్మకి చెప్పాలనుకుంటున్నాను. ఈ వయసులో ఎందుకంటారు మావారు. కానీ దాచి దాచి నాన్న ఏం బాగుపడ్డాడు? పెళ్ళికి ముందు జరిగింది కాబట్టి అమ్మ తట్టుకుంటుందని నా నమ్మకం. వచ్చే ఆదివారం పిన్ని కూడా వస్తుంది, పక్కన తోడుంటుంది. మిమ్మల్ని గురించి మంచిగానే చెప్తాను.

మీ చెల్లెలు


లిఫ్ట్ వర్క్‌షాపు
మే

అమ్మా,

ఈ ఉత్తరం ఆదివారం లోపల అందాలని మనిషితో పంపిస్తున్నాను. అమ్మగారికి చెప్పకండి. చెప్పేముందు ఇది చదవండి.

నేను మీ అన్నయ్యని కాను. మీకన్నా రెండేళ్ళు చిన్న. మీకిప్పుడు ఎన్నేళ్ళో నాకు తెలుసు, మీ పుట్టినరోజులకి ఆయన మా అమ్మ చేత గౌన్లు కుట్టించుకుని వెళ్ళేవారు. జుట్టు మా అమ్మ పోలిక. ఆవిడకీ ముప్పై దాటకుండానే నెరిసింది.

మీరు అన్నయ్యా అని రాసినప్పుడే చెప్పాల్సింది. పెళ్ళికి ముందు మాట అనుకున్నాక గుండె కుదుటపడిందని పక్కనే రాశారు. దాన్ని నా చేత్తో ఎలా చెడగొట్టను? ఇంగ్లీషువాళ్ళకి బ్రదర్ అంటే పని జరిగిపోతుంది, పెద్దో చిన్నో చెప్పక్కర్లేదు. మన భాషలో దాక్కోడానికి అంత చోటు లేదు. చెల్లీ అని రాయబోయిన ప్రతిసారీ కలం ఆగిపోయింది. నిజం దాచగలిగాను గానీ అబద్ధం రాయలేకపోయాను.

ఇంకొకటి కూడా ఉంది. నన్ను ఇంతవరకూ ఎవరూ అన్నయ్యా అని పిలవలేదు. తమ్ముడూ అని కూడా పిలవలేదు. కొన్నాళ్ళు పిలిపించుకోవాలనిపించింది.

ఇక మీ ఇష్టం.

మెకానిక్


కళ్ళజోళ్ళ షాపు
జూలై

ఎలా పిలవాలో ఇప్పుడు నాకు తెలుసు. పిలవాలని లేక పై గీత ఖాళీగా వదిలేశాను.

మీ ఉత్తరం శనివారమే అందింది. ఆదివారం పిన్ని వచ్చింది, కబుర్లు చెప్పింది, వెళ్ళింది. నేను నోరు విప్పలేదు. ఆ తర్వాత రెండు నెలలు మీకు ఉత్తరం రాయలేదు, కావాలనే. నాకు మాటలు వస్తున్న రోజుల్లో మా నాన్న ఇంకో ఇంట్లో బూట్ల లేసులు వదులు చేసుకుని కూర్చున్నాడు. ఆ గౌన్లు నాకు గుర్తున్నాయి. చేతుల దగ్గర కుచ్చులు ఉండేవి. కంపెనీ బహుమతి అని చెప్పేవాడు. మీ మీద కోపం ఎందుకంటే జవాబు లేదు. దగ్గర్లో ఉన్నది మీరే కాబట్టి వచ్చింది.

మొన్న సాయంత్రం వంటింట్లో అమ్మ బీన్స్ తుంచుతూ, తలెత్తకుండానే అడిగింది. “ఆ లిఫ్ట్ అబ్బాయి మళ్ళీ రాలేదా?”

“ఏ లిఫ్ట్ అబ్బాయి?”

“నీకు ఉత్తరాలు రాసేవాడే. నీ వయసుకి దొంగతనం చేతకాదు. ఏం రాశాడు, రెండు నెలలుగా ముఖం అలా పెట్టుకున్నావు?”

“అమ్మా, అతనెవరో నీకు తెలుసా?”

“ఆ రోజు మెట్ల మీద నీ వెనకే కదా నిలబడ్డాను. తల వంచి నిలబడిన తీరు చూస్తే తెలియదా? నలభై ఏళ్ళు కాపురం చేశాను.”

అమ్మ చెప్పుకుపోయింది. నాకు మూడేళ్ళప్పుడు బాగా జ్వరమొచ్చిందట. నాన్న టూర్లో ఉన్నాడని ఆఫీసుకి ఫోన్ చేస్తే, ఆ వారం టూరే లేదన్నారట. తర్వాత ఇంకెవరి ద్వారానో మిగతాది తెలిసిందట.

“మరి నాన్నని అడగలేదా?”

“అడిగితే జవాబు చెప్తాడు. చెప్పాక నేనేం చెయ్యాలి? నిన్ను చంకనేసుకుని ఎక్కడికి పోవాలి? అందుకని అడగలేదు. తర్వాత తర్వాత అడగకపోవడమే అలవాటైపోయింది.”

“నాకంటే చిన్నవాడు అమ్మా” అన్నాను, అదేదో నా తప్పైనట్టు.

“తెలుసు. నీకు తమ్ముడు. కాదని నేననను, అంటే మాత్రం కాకుండా పోతాడా? నాకు మాత్రం ఏమీ కాడు. పెద్దమ్మా గిద్దమ్మా అని వరసలు కలపొద్దని చెప్పు. ‘ఏవండీ’ అంటే చాలు. ఏమీ కానివాళ్ళని కూర్చోమనడం నాకు చేతనవును. రమ్మను.”

బీన్స్ గిన్నె పట్టుకుని లేచి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది. “వాళ్ళమ్మ ఉందా?”

తెలియదన్నాను. నిజంగానే నేనది ఎప్పుడూ అడగలేదు.

“ఆవిడ ఫోటో ఏదైనా ఉంటే తెమ్మను. ఎలా ఉంటుందో చూడాలని ఎన్నాళ్ళుగానో ఉంది. మీ నాన్ననడగడానికి లేకపోయింది.”

నేను చెప్పాల్సింది చెప్పాను. వచ్చేదీ మానేదీ మీ ఇష్టం.


లిఫ్ట్ వర్క్‌షాపు
జూలై

అక్కా,

(వద్దంటే కొట్టెయ్యండి.)

మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఫోటో ఒకటుంది. మిషన్ దగ్గర కూర్చున్నది కాదు, ఆవిడకి అలా తీయించుకోవడం ఇష్టం లేకపోయింది. స్టూడియోలో నిలబడి తీయించుకున్నది.

వచ్చే ఆదివారం వస్తాను. మా ఆవిడా, పిల్లాడూ ఈసారికి వద్దనుకున్నాం. ముందు నేనొక్కణ్ణే. మూడు రోజులుగా ఏ చొక్కా వేసుకోవాలా అని చూసుకుంటున్నాను. మా ఆవిడ, “పెళ్ళిచూపులకి కూడా ఇంత ఆలోచించలేదు” అంటోంది.

ఏవండీ అనడం రోడ్డు మీద నడుస్తూ అలవాటు చేసుకుంటున్నాను.

మీ తమ్ముడు


కళ్ళజోళ్ళ షాపు
ఆగస్టు మొదట్లో

తమ్ముడూ,

క్షేమంగా చేరానని నువ్వు రాసిన కార్డు అందింది. ‘నువ్వు’ అని రాయడానికి కాస్త తడబడ్డాను గానీ, ఇప్పుడు హాయిగానే ఉంది.

నీకు వినపడనివి కొన్ని చెప్పాలి. నువ్వు మంచినీళ్ళు తాగుతుంటే అమ్మ నా చెవిలో, “చెవులు బొత్తిగా వినపడవా?” అంది. గట్టిగా మాట్లాడితే వినపడుతుందన్నాను. “గట్టిగా చెప్పాల్సిన మాటలు నా దగ్గరేం లేవులే” అంది. అందుకే నీతో అంత తక్కువ మాట్లాడింది. నువ్వు వచ్చినప్పటినుంచీ వెళ్ళేదాకా ప్రతి మాట చివరా ‘ఏవండీ’ అని తగిలిస్తుంటే మా అమ్మాయి గదిలోకి పారిపోయి దిండు నోట్లో కుక్కుకుంది. నువ్వు చూడలేదు కదా? దానికి నువ్వు బాగా నచ్చావు. అన్నయ్యా తమ్ముడా అని ఇన్నాళ్ళు నేను పడ్డ యాతన చెప్తే, “ఏదైనా నాకు మామయ్యే కదా, దానికింత గొడవేంటి” అని తేల్చేసింది.

పిన్నికి చెప్పాం. “నాకా రోజే తెలుసు” అంది. అబద్ధం. ఆ రోజు ఆవిడ గిన్నెల లెక్కలో ఉంది.

ఇక అసలు సంగతి. నువ్వు బల్ల మీద పెట్టిన ఫోటో వంక, నువ్వున్నంతసేపూ అమ్మ చూడలేదు. నువ్వది గమనించావు, నీ ముఖంలో కనపడింది. నువ్వు మెట్లు దిగాక, నా పరీక్ష పెట్టెలోంచి దగ్గర చూపు అద్దం ఒకటి తీసిమ్మంది. ఫోటో తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. నేను పక్కన నిలబడితే, “నువ్వెందుకు, పనిచూసుకో” అంది. నేను వెళ్ళినట్టే వెళ్ళి తలుపు దగ్గర ఆగాను.

చాలాసేపు చూసింది. ఫోటోని కాస్త దూరంగా పట్టుకుంది, దగ్గరగా తెచ్చుకుంది. చివరికి, “నాకంటే పొట్టి” అంది. కొంచెం సంతోషంగానే అందనిపించింది. మళ్ళీ చూసింది. “కళ్ళు మంచివి” అంది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. నేనున్నట్టు తనకి తెలుసో తెలియదో గానీ, “జాకెట్టు తనే కుట్టుకున్నట్టుంది. చేతుల దగ్గర ఎంత చక్కగా కుదిరిందో. ఎక్కడా ముడత లేదు” అంది.

ఆ తర్వాత వేళ్ళతో ఫోటో మీది దుమ్ము తుడిచింది. దుమ్మేమీ లేదు.

ఫోటో నీకు పంపిద్దామని మర్నాడు అడిగాను. “ఇంకా చూస్తున్నాగా” అంది. నిన్న కూడా అదే మాట. బీరువాలో ఎక్కడో పెట్టుకుంది, చోటు చెప్పడం లేదు. నేనిక అడగలేను. మరదల్నీ పిల్లాణ్ణీ తీసుకుని రా, వచ్చినప్పుడు నువ్వే అడిగి తీసుకో.

మీ అక్క